హనుమక్క ఆదివారం

ఆదివారం నేను పొయ్యి ముట్టించను. పెళ్ళయి యలహంకకు కాపురానికి వచ్చినప్పటి నుంచి ఇరవై ఆరేళ్ళు ఈ మాట చెబుతూ వచ్చాను. స్టాఫ్‌రూములో చెప్పాను, గుడిలో స్త్రీల కూడికలో చెప్పాను, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పాను. చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం పైకి లేచేదని ఇప్పుడు తెలుస్తోంది.

నిజానికి ఆ అలవాటు నాది కాదు, మా ఆయనది. మోహన్‌కుమార్‌కు యలహంక పాతపేటలో చిన్న లేత్ షాపు ఉండేది. శనివారం సాయంత్రం ఆరు కాగానే షట్టర్ దించి, తాళంచెవి తెచ్చి హాల్లో క్యాలెండరు కింద మేకుకు తగిలించేవారు. సోమవారం పొద్దున దాకా దాన్ని ఎవరూ ముట్టకూడదు. ఒకసారి అత్తిబెలె నుంచి ఎవరో ఫ్యాక్టరీవాళ్ళు అర్జెంటని ఆదివారం పొద్దున్నే కారు వేసుకొని ఇంటికే వచ్చారు. "సోమవారం ఐదింటికే తెరుస్తానప్పా. ఈ పొద్దు మాత్రం అడగొద్దు" అని కాఫీ ఇచ్చి పంపారు. వాళ్ళు మళ్ళీ రాలేదు. నేను గొణిగితే, "నాకొక్కడికే అయితే చూసుండును. పనోళ్ళిద్దురూ రావల్ల గదా? వాళ్ళకూ ఇండ్లుండాయి" అన్నారు. ఆ ఇద్దరూ మాలా క్రైస్తవ విశ్వాసులు కారు. ఒకాయన ఆదివారం పడుకునేవాడు, ఇంకొకాయన సినిమాకు పోయేవాడు. ఏం చేసుకుంటారన్నది మా ఆయన ఎప్పుడూ అడగలేదు.

కిందటేడు జనవరిలో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దయింది. షాపు మూతపడింది. తాళంచెవి మాత్రం ఆ మేకుకే ఉండిపోయింది.

మాకు పిల్లలు లేరు. నేను పదో తరగతి లెక్కల టీచరును, పరీక్షల కాలం. ఆయన్ను చూసుకోవడానికి హనుమక్కను రమ్మన్నాను. అప్పటికి నాలుగేళ్ళుగా ఆమె మా ఇంట్లో గిన్నెలు తోమి, ఇల్లు తుడిచి వెళ్ళేది. ఊరు ఆదోని దగ్గర పల్లె. భర్త తిరుపాలు సెంట్రింగ్ పని చేస్తాడు. కోగిలు అవతల రేకుల ఇళ్ళ వరుసలో ఉంటారు. ఆరేళ్ళ కిందట ఆమె బాప్తిస్మం తీసుకుంది. పేరు మార్చుకోలేదేమని నేను అడిగితే, "పాస్టరయ్య హన్నా అని పెడతానన్నాడు మేడమ్. సరే అయ్యా, రేషన్ కార్డులో ఎవరు మారుస్తారు, నువ్వు వస్తావా ఆఫీసుకు అన్న్యా. ఆ మాటతో ఊరకైపాయ" అని నవ్వింది.

సోమవారం నుంచి శనివారం దాకా పొద్దున ఎనిమిదికి వచ్చి నాలుగింటికి వెళ్ళేది. ఆయన్ను పక్కకు తిప్పడం, తుడవడం, జావ తాగించడం, పక్కగుడ్డలు మార్చడం, అన్నీ ఆమే. గడ్డం కూడా గీసేది. నేను స్కూలు నుంచి వచ్చేసరికి ఆయన చెంపలు నున్నగా ఉండేవి.

"చూడండి మేడమ్, సార్ పెండ్లికొడుకు మాదిరి ఉండాడు. ఇంగోసారి చేసుకుంటారా?"

"ఒక్కసారి... చాలు" అనేవారు ఆయన ముద్దముద్దగా. ఇద్దరూ నవ్వేవారు. ఆయన నవ్వు సగం ముఖానికే వచ్చేది.

మార్చిలో, ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమల దినాలు మొదలయ్యాయి. జనవరి నుంచి నేను గుడికి వెళ్ళలేదు. ఆదివారాలు ఆయన దగ్గరే ఉన్నాను. మా గుడిలో సండే స్కూలు చూసేది నేనే. పాస్టరమ్మ ఫోన్ చేసి, "మీరు లేక పిల్లలు చెదిరిపోతున్నారు నళినిగారూ" అంది. ఆ మాట నాకు ఎంత తియ్యగా వినిపించిందో ఇప్పుడు తలుచుకుంటే తల ఎత్తలేను. ఆ శనివారం నాలుగింటికి హనుమక్క గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే అడిగాను.

"రేపటి నుంచి ఆదివారం కూడా రావాలి హనుమక్కా. ఎనిమిదిన్నర నుంచి ఒంటిగంట దాకా. నేను గుడికి వెళ్ళొస్తాను."

ఒక చెప్పు వేసుకొని, రెండోది వేసుకోకుండా నిలబడింది.

"ఆదివారం మాకూ ప్రార్థన ఉండాది మేడమ్. షెడ్డులో పదింటికి పెడతారు."

"తెలుసు. కొన్ని వారాలే కదా."

"ప్రార్థనైనాంక అందురం ఆడనే ఇంత తింటాము. మజ్జాన్నం ఇంటికి పోయి పండుకుంటా. వారంలో పగటిపూట నడుము వాల్చేది ఆ పొద్దొకటే మేడమ్. ఒంటిగంట దాకా ఈడుంటే ఇంగ ఇంటిపని మీద పడుతుంది, ఆ నిద్ర పోతుంది."

లోపలి నుంచి ఆయన గొంతు వినిపించింది. "నళినీ... ఆమె ఆదివారం..."

"మీరు ఊరుకోండి" అన్నాను అటు తిరిగి. తర్వాత హనుమక్క వైపు తిరిగి, క్లాసులో అర్థం కాని పిల్లకు ఓపిగ్గా చెప్పినట్టు చెప్పాను. "రోగికి సేవ చేయడం కూడా ఆరాధనే హనుమక్కా. ప్రభువు విశ్రాంతి దినాన రోగులను బాగుచేయలేదా? గుంటలో పడ్డ ఎద్దును ఆదివారమని వదిలేస్తామా? మంచి పనికి ఆ రోజు అడ్డు లేదు."

ఆమె రెండో చెప్పును కాలితో దగ్గరికి లాక్కుంది.

"మీరు సదువుకున్నోళ్ళు. మీకు తెల్దా మేడమ్" అని రెండో చెప్పు వేసుకుంది.

రోగి నా భర్త. ఆ సేవే ఆరాధన అయితే నేనే ఇంట్లో ఉండి చేసుండొచ్చు. ఆ సంగతి నాకు ఆ రోజు తట్టలేదు. తట్టనివ్వలేదు అంటే సరిగ్గా ఉంటుంది.

అంతటితో ఆగినా బాగుండేది. ఎలాగూ వస్తోంది కదా అని రెండో వారం నుంచి అన్నం వార్చమన్నాను. మూడో వారం కోడికూర కూడా చేసిపెట్టమన్నాను. నేను గుడి నుంచి వచ్చేసరికి హాట్‌బాక్సులో అన్నం, గిన్నెలో కూర, తుడిచిన గట్టు. చీర మార్చుకొని ఆయనకు తినిపించి, నేను తిని, కుర్చీలో కూర్చొని పాటల పుస్తకం తీసేదాన్ని. ఆదివారం నేను పొయ్యి ముట్టించను.

ఈస్టరుకు ముందు వారం వచ్చే మట్టలాదివారం తర్వాత, ఆదివారాల్లో ఆయన ముఖం తేటగా ఉండడం గమనించాను. మిగతా రోజుల్లో గోడవైపు తిరిగి ఉండే మనిషి, ఆ పూట నేను వచ్చేసరికి గుమ్మం వైపే చూస్తూ ఉండేవారు. అది నా ప్రార్థనల ఫలమనుకున్నాను. గుడిలో సాక్ష్యం చెప్పేటప్పుడు అలాగే చెప్పాను కూడా.

వేసవి సెలవుల్లో మా గుడిలో పిల్లలకు పది రోజులు బైబిలు బడి పెడతారు. ఆ ఏడు పాఠం పది ఆజ్ఞలు. నాలుగోది నా వంతుకు వచ్చింది. పెద్ద చార్టు తయారు చేశాను. ఆ ఆజ్ఞలో విశ్రాంతి దినాన ఎవరెవరు పని మానాలో వరసగా చెబుతారు కదా, ఒక్కొక్కరికీ ఒక్కొక్క బొమ్మ అంటించాను. ఇంటి యజమాని, కొడుకు, కూతురు, పనివాడు, పనికత్తె, పశువులు, చివరికి ఊళ్ళోకి వచ్చిన పరాయివాడు. పనికత్తె బొమ్మకు ఏదో పాత పత్రికలో నుంచి తలమీద కుండతో బావి దగ్గర నిలబడ్డ ఆమెను కత్తిరించాను.

"పనికత్తె అంటే ఎవరు మిస్?" అని దర్శన్ అనే పిల్లవాడు లేచాడు.

"పాతకాలంలో పెద్ద పెద్ద ఇళ్ళల్లో ఉండేవాళ్ళు."

"మా ఇంటికి ఆంటీ వస్తుంది మిస్, పాత్రలు కడగడానికి. ఆమెనా?"

"ఆమె హెల్పర్. కూర్చో" అన్నాను.

పిల్లవాడు కూర్చున్నాడు. నేను పశువుల బొమ్మకు వెళ్ళిపోయాను.

ముగింపు కార్యక్రమం మే నెల చివరి ఆదివారం. పిల్లలు అందరి ముందూ ఆజ్ఞలు చెప్పాలి. పదింబావుకు గుడిలో చూసుకుంటే చార్టు లేదు, ఇంట్లో బీరువా మీద మరిచిపోయాను. మా అంశం పదకొండున్నరకు. ఆటో పట్టుకొని వెనక్కి బయల్దేరాను. దారిలో ఉండగానే వాన దిగింది. మే నెలలో ఇక్కడ పడే వాన తెలుసు కదా, నిమిషంలో రోడ్డు కనపడకుండా చేస్తుంది.

గ్రిల్‌కు బయటి నుంచి తాళం వేసి ఉంది.

నా దగ్గర ఉన్న చెవితో తీసుకొని లోపలికి పరుగెత్తాను. వంటగదిలో ఎవరూ లేరు. పొయ్యి ఆర్పి ఉంది. కూర గిన్నె మీద మూత ఉంది. గదిలో ఆయన ఒక్కరే మంచం మీద ఉన్నారు. కిటికీ తెరిచి ఉంది. వాన జల్లు నేరుగా మంచం మీదికి కొడుతోంది. మోకాళ్ళ దాకా దుప్పటి తడిసిపోయింది. కాలు జరుపుకోలేరు, లేచి కిటికీ మూయలేరు. ఆ తడిలో అలాగే పడుకొని వానవైపు చూస్తున్నారు.

"ఏం... కాలే" అన్నారు నన్ను చూసి. "చల్లగా... ఉండాది."

కిటికీ మూశాను. దుప్పటి మార్చాను. కాళ్ళు తుడిచాను. ఆయన ఏదో చెప్పబోతున్నారు. "తర్వాత చెబుదురుగాని" అన్నాను. చార్టు సంగతే మరిచిపోయి, ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి గేటు దగ్గర సన్‌షేడ్ కింద వేసుకొని కూర్చున్నాను.

పన్నెండుంబావుకు హనుమక్క వచ్చింది. సగం పరుగుతో వచ్చింది. తల మీద కొంగు, చంకలో ప్లాస్టిక్ కవరులో చుట్టిన బైబిలు. కుర్చీలో నన్ను చూసి ఆగిపోయింది.

"ఎక్కడికి వెళ్ళావు?"

"షెడ్డుకు మేడమ్."

"మంచం మీద మనిషిని పెట్టి తాళం వేసుకొని పోతావా? లోపల వానకు తడిసిపోయారు. ఏమైనా అయితే ఎవరు జవాబు చెప్పేది?"

"అయ్యో, తడిసిండారా? నేను పొయ్యేటప్పుడు ఎండగుండె మేడమ్..." రెండడుగులు లోపలికి వేయబోయింది. నేను గేటుకు చెయ్యి అడ్డం పెట్టాను.

"ఎన్ని వారాల నుంచి ఇలా?"

ఆమె ఒకసారి గది కిటికీ వైపు చూసింది, తల దించుకుంది. ఆ చూపును నేను నేరం చేసినవాళ్ళ చూపు అనుకున్నాను.

వాన తగ్గింది. పై పోర్షన్ శిరీష ఆరేసిన బట్టలు తీయడానికి వచ్చి అక్కడే నిలబడిపోయింది. ఇంటి ఓనరు శ్రీనివాసప్ప మెట్ల మీద నుంచి వంగి చూశాడు.

"ఏమమ్మా హనుమక్కా, మీ దేవుడు రెండు గంటలు అడ్జస్ట్ చేసుకోడా? పేషెంటే అడ్జస్ట్ కావల్లా?" అని నవ్వాడు.

ఆయన వెక్కిరించిన దేవుడు నా దేవుడు కూడా. అక్కడ నేను ఆగాలి. ఆగకపోగా ఆ నవ్వు నాకు బలమైంది.

"దేవుడి పేరు చెప్పి పని ఎగ్గొట్టేవాళ్ళను చాలామందిని చూశాను" అన్నాను. స్కూలు ప్రేయర్‌లో తప్పు చేసిన పిల్లను అందరి ముందూ నిలబెట్టి మాట్లాడే గొంతుతో అన్నాను. "ఇదేనా నువ్వు నేర్చుకున్న భక్తి? రేపటి నుంచి రావద్దు."

"తప్పయింది మేడమ్" అంది హనుమక్క. అంతే. కొంగున ముడివేసిన తాళంచెవి విప్పి, తడి తుడిచి నా చేతిలో పెట్టింది. వెళ్తూ వెళ్తూ ఆగింది.

"అన్నం హాట్‌బాక్సులో ఉండాది. సార్‌కని కూరలో ఉప్పు తక్కువేసినా. మీరు కలుపుకోండి మేడమ్."

ఆమె సందు మలుపు తిరిగేదాకా చూశాను. లోపలి నుంచి ఆయన "నళినీ, నళినీ" అని పిలుస్తూనే ఉన్నారు. మంచినీళ్ళకు పిలుస్తున్నారేమో అనుకొని గ్లాసు పట్టుకొని వెళ్ళాను.

"నేనే... పంపినా" అన్నారు.

గ్లాసు స్టూలు మీద పెట్టాను.

"ఎప్పటి నుంచి?"

"మట్టలాదివారం... నుంచి. పనైపోతానే పో... అంటి. ఒద్దు సార్ అన్న్యది. నేనే... అరిచినా."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు... ఒప్పుకోవు."

ఆయనకు ఒక వాక్యం పూర్తి చేయడానికి చాలాసేపు పట్టేది. అంతసేపూ నేను మంచం పట్టె పట్టుకొని నిలబడ్డాను.

"నాకు ఆదివారం... యాడుండాది నళినీ? పని చేసేవానికి గదా... ఆదివారం. నాకు వారమంతా... మంచమే. ఆమెను పంపిస్తే... ఆ రెండు గంటలు... షాపు మూసినట్లుండె."

ఆ తర్వాత ఎడమ చెయ్యి ఎత్తి గేటువైపు చూపించారు. "పో. చెప్పిరా."

"రేపు వెళ్తాను" అన్నాను.

ఆ మధ్యాహ్నం ఉప్పు కలుపుకోకుండానే కూర తిన్నాను.

సోమవారం వెళ్ళలేదు. ఎవరైనా కావాలి కదా అని ఏజెన్సీ నుంచి యూనిఫాం వేసుకునే అటెండర్‌ను పెట్టుకున్నాను. ఆ అమ్మాయి చురుకైనదే. ఫోన్ చూసుకుంటూ కూర్చునేది, పిలిస్తే లేచేది. గడ్డం గీయడం తన పనుల్లో లేదని చెప్పింది. నేను గీయబోతే రెండుచోట్ల తెగింది.

శనివారం సాయంత్రం ఆరింటికి ఆయన గుమ్మంలో నుంచి హాల్లోని క్యాలెండరు కింద మేకు వైపు చూసి, నా వైపు చూసి, "పోయినావా?" అన్నారు.

"ఈ వారం కుదరలేదు. వచ్చే వారం."

అబద్ధం కాదు, పనులు ఉన్నాయి. స్కూలు తెరిచే రోజులు. కానీ కోగిలు మా ఇంటికి ఆటోలో పదిహేను నిమిషాలు. ఇరవై రెండేళ్ళ సర్వీసు ఉన్న టీచరు రేకుల ఇళ్ళ వరుసలోకి వెళ్ళి, పదిమంది చూస్తుండగా పనిమనిషికి తప్పయిందని చెప్పడం ఎలాగో నాకు తెలియలేదు. పిల్లలకు రోజూ చెప్పించే మాటే అది.

రెండో శనివారం మళ్ళీ అడిగారు. మళ్ళీ అదే చెప్పాను. మూడో శనివారం ఆరు దాటింది. నేను వంటగదిలో నుంచి గడియారం చూశాను. ఆయన అడగలేదు. అడగనందుకు నాకు ఊరట కలిగింది.

ఆ వచ్చిన గురువారం తెల్లవారాక, స్కూలుకు వెళ్ళే ముందు జావ తాగిద్దామని వెళ్తే ఆయన లేరు.

ఇంకోసారి స్ట్రోక్ వచ్చిందన్నారు డాక్టరు. వానలో తడవడం వల్లా అని అడిగాను. "దానికీ దీనికీ సంబంధం లేదమ్మా" అన్నారు. సంబంధం ఉందని ఆయన అనుంటే నాకు ఒక దారి దొరికేది. హనుమక్క మీద ఇంకొంచెం కోపం పెట్టుకొని బతికేదాన్నేమో.

ఇంటి నిండా జనం. గుడివాళ్ళు, స్కూలువాళ్ళు, షాపులో పనిచేసిన ఇద్దరూ. నేను గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నాను. పదిన్నరకు గుమ్మంలో హనుమక్క కనిపించింది. వెనుక తిరుపాలు. ఎవరు చెప్పారో తెలియదు. ఆమె శవపెట్టె దగ్గరికి వచ్చి ఆయన ముఖం చూసింది. చెంప మీద తెగినచోట వేలు పెట్టి మెల్లగా నిమిరింది. తర్వాత నా వైపు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను ఏమైనా అంటానని నిలబడింది.

నేను అన్నాను. "హనుమక్కా, అందరికీ టీ పెట్టు" అన్నాను.

మూడు వారాలుగా ఆమెకు చెప్పాల్సిన మాట నోట్లో పెట్టుకొని తిరిగాను, నోరు తెరిచేసరికి టీ మాట వచ్చింది. దుఃఖంలో ఏం మాట్లాడామో మనకు తెలియదంటారు. నాకు తెలుసు. అలవాటైన మాట వచ్చింది.

ఆమె వంటగదిలోకి వెళ్ళింది. నలభైమందికి టీ పెట్టింది. కప్పులు కడిగింది. ఇల్లు తుడిచింది. శ్మశానంలో తిరుపాలు పార అందుకొని మట్టి వేశాడు. అందరూ తిరిగి వచ్చేసరికి ఇద్దరూ వెళ్ళిపోయారు. గట్టు తుడిచి ఉంది, బట్ట ఉతికి ఆరేసి ఉంది.

తర్వాతి ఆదివారాల్లో నేనే పొయ్యి ముట్టించాను. ఒక్కదానికి ఏముంటుంది, గుప్పెడు బియ్యం. తినగానే నోటుబుక్కులు దిద్దేదాన్ని. పగలు ఖాళీగా కూర్చుంటే ఆ గది కిటికీ కనిపించేది. ఆయన రెండు గంటలు ఒక్కరే పడుకొని, ఎవరో ఒకామె రేకుల షెడ్డులో పాడుతూ ఉంటుందని తలుచుకుంటూ గడిపిన ఆదివారాలు ఎనిమిది. అవే ఎనిమిది ఆదివారాలు నేను గుడిలో గడిపాను. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసే ధైర్యం నాకు లేదు.

జూలైలో ఒక ఆదివారం ఆరాధనలో ఆజ్ఞలు వరసగా చదివారు. నాలుగోది వచ్చేసరికి సంఘంతో పాటు నా పెదవులు కదలలేదు. ఆశీర్వాదం అయ్యాక ఎవరితోనూ మాట్లాడకుండా ఆటో ఎక్కి కోగిలు వెళ్ళాను. బ్యాగులో మడతపెట్టిన కాగితం ఉంది. ఏం చెప్పాలో ముందే రాసుకున్నాను. రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాసుకున్నాను.

రేకుల ఇళ్ళ వరుసలో ఆ వేళకు సందడి లేదు. ఎక్కడో కుక్కరు విజిల్ వేసింది. చివరి ఇంటి ముందు తిరుపాలు ఇటుకల మీద కూర్చొని చెప్పుకు కుట్టు వేసుకుంటున్నాడు. నన్ను చూసి గబుక్కున లేచాడు.

"మేడమ్, మీరా! రాండి, రాండి. ఆమె ఇప్పుడే పండుకుండాది. లేపుతా ఉండండి."

తలుపు సగం తెరిచి ఉంది. లోపల చాప మీద హనుమక్క పక్కకు తిరిగి పడుకొని ఉంది. ఒక చెయ్యి తలకింద, ఒక చెయ్యి నేల మీద వెల్లకిలా. నోరు కొంచెం తెరుచుకొని ఉంది. పాదాలు నా వైపు ఉన్నాయి. మడమలు పగిలి, ఆ పగుళ్ళలో నలుపు. తల దగ్గర ప్లాస్టిక్ కవరులో చుట్టిన బైబిలు. నాలుగేళ్ళకు పైగా రోజూ చూసిన మనిషి. ఆమె నడుము వాల్చి ఉండగా చూడడం నాకు అదే మొదటిసారి.

తిరుపాలు గుమ్మంలోకి వంగాడు. "ఏయ్, హనుమీ..."

"లేపొద్దు" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, అతను వెనక్కి తిరిగి చూశాడు. "లేపొద్దు తిరుపాలూ. పడుకోనీ."

ఆమె లేస్తే ఏం జరుగుతుందో నాకు తెలుసు. కొంగు సర్దుకొని, కుర్చీ ఎవరింట్లోనో అడిగి తెచ్చి వేసి, టీ పెడుతుంది. నేను కాగితం చదువుతాను. ఏడుస్తాను కూడానేమో. అప్పుడు నన్ను ఓదార్చే పని ఆమె మీద పడుతుంది. నా ఊరట కోసం ఆమె ఇంకో ఆదివారం పనిచేస్తుంది.

"ఏమన్నా చెప్పల్లా మేడమ్?" అన్నాడు తిరుపాలు.

"రేపు పొద్దున ఏడింటికి వస్తానని చెప్పు. స్కూలుకు సెలవు పెట్టి వస్తాను."

"ఏడింటికి ఉండదు మేడమ్. న్యూటౌన్‌లో రెండిండ్లు పట్టింది. ఆరున్నరకే పోతాది."

"అయితే సాయంత్రం."

"ఆడ నుంచి రొండు అపార్ట్‌మెంట్లు చూసుకొని వచ్చేతలికి ఎనిమిదైతాది. వచ్చినాంక వంట."

"పొద్దున ఆరింటికి వస్తాను."

అతను తల గోక్కున్నాడు. "ఆరింటికి నీళ్ళ ట్యాంకరు వస్తాది మేడమ్. ఆమె లైన్లో ఉంటాది, బిందెలు పెట్టుకొని."

"అక్కడికే వస్తాను."

"ఆడ అందరూ ఉంటారు గదా మేడమ్. ఈ లైనంతా. మా సెంట్రింగ్ కాంట్రాక్టరు మనుషులు కూడా. మీరు ఆ బురదలో..."

"ఉండనీ" అన్నాను.

తిరుపాలుకు అర్థమైందో లేదో తెలియదు. సరేనన్నట్టు తల ఊపి మళ్ళీ ఇటుకల మీద కూర్చున్నాడు. చెప్పు చేతిలోకి తీసుకొని, సూది గుచ్చబోయి, లోపలికి ఒకసారి చూసి, తలుపు మెల్లగా దగ్గరికి వేశాడు.